బస్సులో గడప

తుఫాను తరవాతి ఏడు, భావనపాడు నుంచి టెక్కలి వస్తూ నేనెక్కిన బస్సులో ఒక మత్స్యకారుడు పసుపు రాసిన గడపమానును నడవాకు అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి బావా, ఇల్లంతా ఎత్తుకొచ్చీసినావా?" అని కండక్టరు ఎకసెక్కమాడాడు.

"ఇల్లు తీసీసినారు. సముద్రానికి దగ్గరగా ఉండకూడదని కొత్త రూలంట. ఇంకోసోట ఇత్తామన్నారు, ఎక్కడో సెప్పనేదు. అందాకా దీన్ని అత్తోరింట్లో దాస్తాను."

మనుషుల ప్రాణాల కోసమే ఆ రూలు, కాదనను. కొత్త ఇల్లు చూపించాక పాతది పడగొడితే ఆ అధికారుల సొమ్మేం పోయేది? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బస్సు కిక్కిరిసి ఉన్నా, చేపల గంపల ఆడవాళ్లతో సహా ఎవరూ ఆ గడపను తొక్కలేదు. చివరికి కండక్టరు కూడా తూలుతూనే కాలెత్తి దాటాడు.

ఆ మత్స్యకారుడు జరిగి అతనికి చోటిచ్చాడు.

"రా బావా, కూకో."