మేనమామ ఒడి, మొలతాడు, పలమనేరు బస్సు

“నా కొడుక్కి చెవులు కుట్టిస్తా ఉండామన్నా. నీ ఒడిలోనే కూసోబెట్టాల. రాకుంటే సూడు!” అని పలమనేరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. మేనమామను కాబట్టి తప్పించుకునే వీల్లేదు. అయితే అప్పటికి నాలుగు నెలల కిందట ఆపరేషన్ చేసి నా పేగును పొట్ట మీద బయటికి తెరిచారు. దాన్ని స్టోమా అంటారు. కొందరికది మొగ్గలా పైకి ఉంటుంది. నాది చర్మంతో సమంగా ఉండటం వల్ల మలం చేరే సంచిని పొట్టకు పట్టి ఉంచే బిళ్ల కిందికి పేగులోని నీరు సులువుగా చేరుతుంది, చర్మం మండుతుంది. ఆసుపత్రిలో ఒక్కసారీ కారనిది ఇంటికొచ్చాక రోజు విడిచి రోజు కారుతోంది. నలుగురి ముందు, పసివాడి కొత్త బట్టల మీద కారితే? అదే నా దిగులు.

తిరుపతిలో ఆరింటికి చిత్తూరు బస్సెక్కాను. అప్పట్లో టికెట్టు ముప్పై చిల్లర. చేతిసంచిలో రెండు బిళ్లలు, వాటిని అతికించే పేస్టు, కత్తెర, పాత పంచె ముక్కలు. ఎనిమిదింటికి దిగేసరికి బిళ్ల అంచున మంట మొదలైంది. బస్టాండు పక్కన ఇడ్లీలు వేస్తున్న పెద్దావిడకు సంగతి దాచకుండా చెప్పి గోరువెచ్చని నీళ్లడిగాను.

“సిగ్గెందుకు నాయనా? లోపల గది ఉండాది, తలుపేసుకో,” అని చెంబు చేతికిచ్చింది.

బిళ్ల ఊడదీసి చూస్తే నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. దాని కింద నా మొలతాడు! ఆపరేషన్‌కు ముందు నర్సు తీసేస్తే, ఇంటికి రాగానే అమ్మ కొత్తది కట్టింది. నేను ప్రతిసారీ దాని మీదే బిళ్ల అతికిస్తున్నాను. ఆ తాడు వెంటే నీరు దారి చేసుకుంది. పుట్టినప్పటి నుంచి ఒంటిమీద ఉన్నది కదా, నా కంటికి ఆనలేదు.

“మొలతాడు అడ్డమొస్తోంది, కోసేస్తానమ్మా,” అన్నాను తలుపు వెనకనుంచి.

“శుభకార్యానికి పోతా ఎవురన్నా మొలతాడు కోస్తారా? విప్పి దండచేతికి కట్టుకో,” అంది ఆవిడ.

అలాగే కట్టుకున్నాను. సబ్బు, నూనె లేకుండా ఉత్త నీళ్లతో చర్మం కడిగి, పంచె ముక్కతో అద్ది, పూర్తిగా ఆరనిచ్చాను. స్టోమా చుట్టూ పేస్టు పెట్టి, సరిపడా కత్తిరించిన బిళ్ల అతికించి, ఐదు నిమిషాలు అరచేత్తో అదిమి పట్టాను. ఆ తర్వాతే రెండు ఇడ్లీలు తిన్నాను. పొద్దున ఖాళీ కడుపుతో ఉంటే పేగు నుంచి పెద్దగా ఏమీ రాదు, మార్చుకోవడం తేలిక.

తొమ్మిదిన్నర బస్సు మొగిలి కనుమలో కుదిపి కుదిపి ఎక్కింది. బిళ్ల కదల్లేదు. పదకొండింటికి పిల్లవాడు నా ఒడిలో ఉన్నాడు. చెవులు కుట్టే కంసాలి ఆచారి బంగారు తీగ గుచ్చగానే వాడు గుక్కపట్టి ఏడుస్తూ నా పొట్టను తన్నాడు. అంతలో పంచె వెచ్చగా తడిసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“అయ్యో, పిల్లోడు ఉచ్చ పోసినాడు!” అంది చెల్లెలు.

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఎందుకో, ముందురోజే అక్కడికి వచ్చిన అమ్మకొక్కదానికే తెలుసు. నా చేతికున్న తాడును తడిమి చూసి, “ఆడ్నే ఉండనీ,” అంది.

ఆ నాలుగు నెలలూ ఈ ఒళ్లు నాది కాదన్నట్టు బతికాను. ఆ రోజు తడిసిన పంచెతోనే పంక్తిలో కూర్చుని భోంచేశాను. మీకూ నాలా స్టోమా ఉంటే, బయల్దేరేముందు ఒక్కటి చూసుకోండి: బిళ్ల కింద శుభ్రమైన పొడి చర్మం తప్ప ఇంకేమీ ఉండకూడదు, అమ్మ కట్టిన తాడైనా సరే.