వరహాలక్ష్మి తొలి విస్తరి

వరహాలక్ష్మి మొట్టమొదట గెలిచింది 1993 మే నెలలో, పెరవలి దగ్గర ఒక పెళ్ళిలో, ఆరువందల విస్తళ్ళకి తన చేత్తో వండి. అదేమంత గొప్ప అనేవాళ్ళు ఒక్కసారి గాడిపొయ్యి ముందు నిలబడి చూడాలి. మోకాలి లోతు గాడి తవ్వి, సరుగుడు కర్రలు పేర్చి, దాని మీద వరసగా నాలుగు గుండిగలు ఎక్కిస్తే ఆ సెగకి మగవాళ్ళే పది నిమిషాలకోసారి పక్కకెళ్ళి నీళ్ళు తాగొస్తారు.

అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఆవిడ అచ్చిబాబు మేస్త్రి బృందంలో కూరలు తరుగుతోంది, కొబ్బరి కోరుతోంది, బూరెల పప్పు రుబ్బుతోంది. పొయ్యి దగ్గరికి వస్తే మాత్రం ఆయన, "పెళ్ళివంట మగాడి పనమ్మా, నువ్వు కత్తిపీట చూసుకో" అనేవాడు. ఆ రోజు అచ్చిబాబుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ముహూర్తం ఆగదు కదా. వరహాలక్ష్మి కొంగు బిగించి పొయ్యి అంటించింది. సాయంత్రం ఆవిడ కలిపిన పులిహోర ఒక్క ముద్ద నోట్లో వేసుకుని అచ్చిబాబు, "రేపటినుంచి నేను కూరలు తరుగుతానమ్మా, నువ్వు వండు" అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. మాట మీద నిలబడే మనిషి.

ఆ తర్వాత ఇక వెనక్కి చూడలేదు. 95లో తణుకులో పన్నెండు వందల విస్తళ్ళు. 98లో యానాం పెళ్ళి. అక్కడ మగపెళ్ళివారు సగంమంది తాగి తూలుతూ వచ్చి గొడవకి దిగితే, వేడివేడి పనసపొట్టు కూర వడ్డించి వాళ్ళని వరసలో కూర్చోబెట్టింది. 2003 పుష్కరాలకి రాజమండ్రి సత్రంలో పన్నెండు రోజులు, రోజుకి మూడువేల మందికి. ఒక్క రోజు అన్నం చిమిడిందిలే అన్నవాడు లేడు. కోనసీమ అగ్రహారంలో మూడో తరగతి దాకా చదువుకున్న ఆడమనిషి ఇది. మొగుడు భాస్కరం సామాను జాబితా రాసి లెక్క చెప్పకముందే, ఎన్ని శేర్ల పప్పు కావాలో ఆవిడ నోటితో చెప్పేసేది.

పెళ్ళిళ్ళంటే ఆ చుట్టుపక్కల ఒక పద్ధతి ఉండేది. మొదటి బంతికి వడ్డించకముందే పందిరి మధ్యలో ఒక విస్తరి వేసి వంటమేస్త్రిని కూర్చోబెట్టి, వండినవన్నీ నిండుగా వడ్డించేవారు. మేస్త్రి అందరూ చూస్తుండగా ఆ విస్తరి ఖాళీ చెయ్యాలి. దాన్ని తొలి విస్తరి అనేవారు. వండినవాడే కడుపారా తిన్నాడంటే వంటకి తిరుగులేదని ధైర్యం. తొలి విస్తరి తినడంలో వరహాలక్ష్మిని మించినవాళ్ళు లేరు. పద్నాలుగు బూరెలు, వాటి గుంటల్లో నెయ్యి, ఆ పైన గడ్డపెరుగు. జనం లేచి నిలబడి మరీ చూసేవారు. తణుకు దగ్గర మోతుబరి రైతు చంద్రరావుగారి తల్లి రాజరత్నంగారైతే తానే దగ్గరుండి, "వెయ్యండర్రా ఇంకో రెండు! తినే చెయ్యే పెట్టే చెయ్యి" అని కొసరి కొసరి వేయించేది.

ఏడాదికి ఎనభై పెళ్ళిళ్ళు. ఎనభై తొలి విస్తళ్ళు. తన పెళ్ళినాడు అరవై కిలోలున్న మనిషిని 2006లో రైసుమిల్లు కాటా మీద నిలబెడితే నూట ముప్పై ఒకటి తూగింది. మిల్లు గుమస్తా, "బస్తా మీద ముప్పావు బస్తా అండి" అని నవ్వాడు. ఆవిడా నవ్వింది కానీ, ఆ వేసవిలో మోకాళ్ళు వాచి పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవలసి వచ్చింది. స్టూలు విరిగింది. గాడికి జానెడు దూరంలో పడింది. ఇంకో జానెడు అటైతే ఈ కథ అక్కడితో సరి.

రాజమండ్రి డాక్టరు షుగరు చూసి, బీపీ చూసి, "ఇలాగైతే ఇక పొయ్యి మాట మర్చిపోవాలమ్మా. హైదరాబాదులో ఆపరేషన్ చేస్తున్నారు, కడుపుని నిమ్మకాయంత చేస్తారు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు సూర్యకళ గుమ్మంలోనే అందుకుంది. "ఊరందరికీ తిండి పెట్టేదానివి, నీ కడుపు నువ్వు కోయించుకుంటావా వదినా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీ. నవ్వితే వాళ్ళకే తిన్నది అరుగుతుంది. నాకు పొయ్యి కావాలి."

భాస్కరం నెమ్మదైన మనిషి. "చచ్చిపోతావేమోనే" అన్నాడు.

"కూర్చుని చావడం కంటే నిలబడదామని వెడుతున్నానండీ. మీరు సంతకం పెట్టండి."

2006 ఆగస్టులో ఆపరేషన్ అయింది. డాక్టర్లు రెండు మాటలు చెప్పారు: తీపి వద్దు, తొందర వద్దు. మొదట్లో చెంచాతో పెసరకట్టు, పల్చటి మజ్జిగ. తర్వాత చిన్న గిన్నెడు మెత్తటి అన్నం, అదీ అరగంట సేపు. తొమ్మిది నెలల్లో ఎనభై నాలుగు కిలోలకి దిగింది. షుగరు మాత్రలు మానేసింది. గుండిగలు తీసుకెళ్ళే లారీలోకి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తానే ఎక్కింది. ఆ రోజు అచ్చిబాబు కత్తిపీట దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. అడిగితే ఉల్లిపాయలన్నాడు.

2007 మేలో చంద్రరావుగారి పెద్దమ్మాయి పెళ్ళి. రాజరత్నంగారు ఆవిణ్ణి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏంటమ్మా ఇది! పాలిచ్చే గేదెలా ఉండేదానివి, ఎండిన తాటాకులా అయ్యావు. ఇంత బక్కమనిషి వండితే ఎవరు తింటారే?"

పందిట్లో తొలి విస్తరి వేశారు. ఎనిమిది వందల మంది చూస్తున్నారు. అక్కడ వరహాలక్ష్మి ఒక తప్పు చేసింది. "నేను ఇంతే తింటానండీ" అని చెప్పేస్తే పోయేది. పౌరుషం అడ్డొచ్చింది. రెండు బూరెలు నెయ్యితో గబగబా మింగింది. మూడోది చేతిలో ఉండగానే చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. లేచి నాలుగడుగులు వేసి, అందరి ముందే కక్కేసింది.

ఎవరో అన్నారు, "వండినావిడకే పడలేదు, మనకేం పడుతుంది?" అంతే. మొదటి బంతి కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే లేచారు. గుండిగలు నిండుగా మిగిలాయి. మధ్యాహ్నానికి తణుకు హోటళ్ళనుంచి భోజనాలు తెప్పించారు. ఆవిడ వంట ఆ రోజు ఏ లోపమూ లేని వంట. అచ్చిబాబు, భాస్కరం, పనివాళ్ళూ దాన్నే తిన్నారు, ఒక్కరికి కడుపులో నెప్పి కూడా రాలేదు. కానీ వినేదెవరు?

శ్రావణమాసానికి ఒప్పుకున్న పదకొండు పెళ్ళిళ్ళూ ఒక్కొక్కటే తప్పిపోయాయి. "ఆవకాయ పెట్టి అమ్ముకుందామే, పరువుగా ఉంటుంది" అన్నాడు భాస్కరం.

"జాడీల పక్కన కూర్చోడానికి కోయించుకోలేదండీ కడుపు. ఎక్కడ పడ్డానో అక్కడే లేస్తాను."

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, ఎవరూ పిలవకుండానే బస్సెక్కి చంద్రరావుగారింటికి వెళ్ళింది. రెండో అమ్మాయికి మాఘమాసంలో ముహూర్తం పెట్టారని తెలుసు. రాజరత్నంగారు అప్పుడే భోజనానికి కూర్చుంది. ఎనభై రెండేళ్ళ మనిషి, పళ్ళు లేవు.

"మళ్ళీ వచ్చావేమే? మా పందిట్లో చేసింది చాల్లేదా?"

"చాల్లేదు మామ్మగారూ. రెండో పెళ్ళికీ నేనే వండుతాను."

చంద్రరావుగారు వరండాలోంచి లోపలికొచ్చాడు. "వరహాలక్ష్మిగారూ, మీమీద కోపం లేదండి. తొలి విస్తరి తినలేని మేస్త్రిని పెడితే బంధువులు విస్తరి ముట్టరండి. మీరే చూశారు కదా."

"మరి మీ కొడవళ్ళు చేసే కమ్మరి, ఇచ్చేముందు తన మెడ కోసుకుని చూపిస్తున్నాడా చంద్రరావుగారూ? వంటకి నాలిక కావాలి, పొట్ట కాదు. పద్నాలుగు బూరెలు తిన్నప్పుడు నా నాలికేం పద్నాలుగు కాలేదు."

రాజరత్నంగారు కోపంగా కంచం పక్కకి జరిపింది. వరహాలక్ష్మి దాంట్లోకి చూసింది. గుప్పెడు మెత్తటి అన్నం, కాస్త చారు. తాను రోజూ తినేదీ అంతే.

"మామ్మగారూ, మీరెన్నాళ్ళనుంచి ఇంతే తింటున్నారు?"

"పదేళ్ళయింది. ఏం?"

"పదేళ్ళుగా మీరు గుప్పెడే తింటున్నారు. ఈ ఇంటి పెద్దరికం పోయిందా? మీ మాట చెల్లడం మానిందా? ఇప్పటికీ పప్పులో ఉప్పు తక్కువైతే మీ కోడలు మీ మొహం చూసే కనిపెడుతుంది. మరి నా గుప్పెడేం పాపం చేసింది?"

ముసలావిడ కంచం మళ్ళీ ముందుకి లాక్కుంది. ఒక ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, మింగేదాకా అందరూ ఆగారు.

"ఆ డాక్టరు నీ కడుపు కోశాడు గానీ, నోరు మాత్రం ముట్టుకోలేదే!" అంది. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఈసారి తొలి విస్తరి ఇద్దరికీ కలిపి ఒకటే వెయ్యండి. దాని గుప్పెడు అది తింటుంది, నా గుప్పెడు నేను తింటాను. ఎనభై రెండేళ్ళదాన్ని నేను తిన్నాక, లేచిపోయేవాడెవడో నేనూ చూస్తాను."

ముహూర్తం 2008 ఫిబ్రవరి 13. ఆ కబురు పాకగానే, తప్పిపోయినవాళ్ళలో ముగ్గురు మళ్ళీ భాస్కరానికి ఫోన్ చేశారు.

జనవరి ఆఖరువారంలో వరహాలక్ష్మికి కుడి డొక్కలో పోటు వచ్చింది. గబగబా బరువు తగ్గినవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు పడుతుంటాయట. కడుపు కోసిన డాక్టర్లు మళ్ళీ హైదరాబాదు రమ్మన్నారు. సూర్యకళ, "చెప్పానా!" అంది. నలుగురూ అదే అన్నారు. చంద్రరావుగారు ఆస్పత్రికి ఫోన్ చేసి, "పోనీ ఈ ఒక్కసారికీ ఇంకొకర్ని చూడమంటారాండి?" అని మొహమాటంగా అడిగాడు.

"చూడండి. నా బదులు కాదండి, నాకు నీళ్ళు మోయడానికి. రాళ్ళు తీసేశారు, నిన్న వార్డంతా నడిచాను. గాడి తవ్వించి ఉంచండి, సరుగుడు కర్ర ఎండినది చూడండి. ఈసారి గుండిగలు ఎత్తనని డాక్టరుకి మాటిచ్చాను. నిలబడనని ఇవ్వలేదు."

ఫోన్లో ఆయన పక్కనుంచి రాజరత్నంగారి గొంతు వినపడింది, "ఎప్పుడొస్తుందో అడుగు, అదొక్కటి చెప్పమను."

గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్లు భాస్కరం అప్పటికే తీసేశాడు. అచ్చిబాబు బృందంతో రాజమండ్రి స్టేషన్‌కి వస్తున్నాడు. వరహాలక్ష్మి తెల్లవారేసరికి అక్కడ దిగుతుంది, ఫిబ్రవరి పదో తేదీ, ఆదివారం.