ఊడ్పుపాటలో నా పేరు

మా అమ్మ అప్పలనరసమ్మ పాముకు భయపడేది కాదు, పిడుగుకు భయపడేది కాదు, మా నాన్న పరదేశి తాగొచ్చి అరిస్తే అసలే భయపడేది కాదు. ఆవిడను గడగడలాడించింది ఒక్క రేడియో. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ సాయంత్రం ఆవిడ ఒళ్ళో ఉన్నది నేను, మీరు కాదు.

డెబ్బయ్యొకటో, డెబ్బయ్రెండో, సరిగా గుర్తులేదు. చోడవరం చుట్టుపక్కల మళ్ళలో వరి ఊడ్పులంటే పాట ఎత్తేది మా అమ్మే. ఆవిడ ఒక చరణం పాడితే మిగతా ఆడవాళ్ళు అందుకునేవారు. ప్రతి చరణంలోనూ ఎవరో ఒకరి పేరు కలపడం అలవాటు. పేరు వచ్చినావిడ నడుంనొప్పి మరిచిపోయి చురుగ్గా నాటేది.

అంతకు ముందు ఏడే మా అమ్మమ్మ అచ్చియ్యమ్మ జ్వరంతో పోయింది. ముసలిదానికి నేనంటే ప్రాణం. పోయేముందు సంధి ప్రేలాపనలో ఒకటే మాట: “ఒక్కర్తినీ ఎల్లలేనే. కనకాన్ని తోడు తీస్కెల్తాను.” అప్పట్నించీ సందెవేళ అమ్మ నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు. పోయినవాళ్ళు రెండుసార్లే పిలవగలరని, ఎవరు పేరు పెట్టి పిలిచినా మూడో పిలుపుదాకా పలక్కూడదని నాకు నూరిపోసింది.

ఆ ఏడు ఊడ్పులప్పుడు పట్నం నుంచి రేడియో వాళ్ళు టేపురికార్డరు పట్టుకుని వచ్చారు. గట్టు మీద గొడుగు పట్టి, అమ్మ నోటి ముందు మైకు పెట్టారు. అమ్మకు బెరుకేమీ లేదు. పైగా గట్టు మీద నేను కూర్చున్నానని, మురిపెంకొద్దీ ప్రతి చరణానికీ నా పేరే కలిపింది. “రావే కనకా, రావే! నారుకట్ట తేవే!”

పాట అయ్యాక వాళ్ళు టేపు వెనక్కి తిప్పి వినిపించారు. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వులు. అమ్మ మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

“మాయమ్మ,” అంది. “అది మాయమ్మ గొంతు. గుంటని పిలస్తంది.” గుంటంటే పిల్ల, అంటే నేనే.

“నీ గొంతేనమ్మా. మొదటిసారి వింటే ఎవరి గొంతు వాళ్ళకి కొత్తగానే ఉంటుంది,” అన్నాడు రేడియో ఆయన.

“నా గొంతు నాకు తెల్దా బాబూ?” అంటూ అమ్మ బురదకాళ్ళతోనే నన్ను చంకనేసుకుని ఇంటికి పరుగు తీసింది. ఎలా తెలుస్తుంది? తన గొంతు తను ఎన్నడైనా బయటినుంచి విన్నదా? చెబితే వినే మనిషైతే కదా!

వచ్చే గురువారం సాయంత్రం గ్రామస్థుల కార్యక్రమంలో ఆ పాట వేస్తామని చెప్పి వెళ్ళారు. మా పేటలో ఇళ్ళలో రేడియోలు లేవు. పంచాయతీ ఆఫీసు రేడియోకి బయట మైకు తగిలించి గుమస్తా కామేశం పెట్టేవాడు. అది మా వీధి చివరిదాకా మోగేది. అమ్మ వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడింది.

“కామేశంబాబూ, ఆ ఒక్క రోజూ కట్టీండి. మా గుంట నాకు దక్కదు.”

“పిచ్చిదానా! ఊరంతా నీ పాట కోసం ఎదురుచూస్తంటే రేడియో కట్టెయ్యమంటావేటి? నన్ను తంతారే!” అని ఆయన నవ్వేశాడు.

గురువారం పొద్దు వాలకముందే అమ్మ తలుపు గడియ పెట్టింది. నా చెవుల్లో దూది కుక్కి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. “ఎవులు పిలిసినా పలక్కు. నేను పిలిసినా పలక్కు,” అంది. ఆవిడ గుండె దడదడా కొట్టుకోవడం నా వీపుకి తెలుస్తోంది. నాకూ ఏడుపు ముంచుకొచ్చింది.

మైకులో ఎవరో ఎరువుల గురించి చెప్పారు. తర్వాత పాట మొదలైంది. “రావే కనకా, రావే!” దూది ఏ మూలకి? రెండుసార్లు పిలిచి ఊరుకునే దెయ్యానికైతే ఉపాయముంది, చరణానికోసారి పిలిచేదాన్ని ఏం చేస్తాం?

నాకది అమ్మ గొంతే. రోజూ నన్ను అన్నానికి పిలిచే గొంతే. అలవాటు కొద్దీ పలకబోయాను. అమ్మ చెయ్యి నా నోటికి అడ్డం పడింది. నాలుగో చరణం, అయిదో చరణం, నా పేరు వస్తూనే ఉంది. చివరికి అమ్మ నా నోరు గట్టిగా మూసి, తనే పలికింది.

“ఓయ్! నేనే కనకాన్ని! వస్తన్నానే అమ్మా, నేనొస్తన్నాను!”

పాట అయిపోయింది. అమ్మ లేచి మొహం కడుక్కుంది. ఉతికిన చీర కట్టుకుంది. నాకు అన్నం తినిపించి గుమ్మంలో కూర్చుంది. అప్పుడే నాన్న సంబరపడుతూ వచ్చాడు. “ఊరంతా నీ పాటే సెప్పుకుంటన్నారే!”

“గుంటకి జొరమొస్తే ఒంటరిగా ఒగ్గీకు, పక్కనే ఉండు,” అంది అమ్మ. నాన్నకి ఏమీ అర్థం కాలేదు.

ఎవరూ రాలేదు. రానందుకు భయం పోవాలా, వద్దా? పోలేదు. మాట ఇచ్చేసిన మనిషిలా ఏళ్ళ తరబడి సందెవేళ వీధివైపు చూసేది. పాట మానేసింది. నా పేరూ మానేసింది, ఆ గొంతుతో ఆ పేరు మళ్ళీ అనకూడదని. పెళ్ళిపీటల మీద కూడా నేను “ఒసే గుంటా”నే. ఒళ్ళు మండిపోయి ఎన్నిసార్లు పోట్లాడానో!

ముసలితనంలో మంచం పట్టింది. ఆఖరి రోజున గోడవైపు తిరిగి పడుకుని, “కనకా,” అంది. పలకొద్దని పక్కనున్న ఆడవాళ్ళు నా చెయ్యి పట్టి లాగారు. నాకూ గుండె ఝల్లుమంది, అబద్ధమెందుకు? అచ్చం అమ్మమ్మ గొంతు.

మూడో పిలుపుదాకా ఆగలేదు.

“ఓయ్! ఇక్కడే ఉన్నానే అమ్మా,” అన్నాను.