అనుమానప్పక్షి

ఇంట్లో ఆ పిల్లను అందరూ అనుమానప్పక్షి అంటారు. బస్సులో ఎవరైనా దగ్గితే చాలు, మెడ సాచి ఇంకెవరు దగ్గుతున్నారా అని చూస్తుంది. విందుకెళ్లొచ్చిన చుట్టాలకు వాంతులు పట్టుకుంటే అందరూ వంటవాణ్ణి తిట్టారు. ఆమె మాత్రం నిక్షేపంగా ఉన్నవాళ్లను పట్టుకుని, "మీరు ఏది తినలేదు?" అని ఆరా తీసింది. డిగ్రీ చివరి ఏడాదిలోనే, రోగాలు ఎలా పాకుతాయో పరిశోధించే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూలో, కంప్యూటర్ తెర మీద ప్రొఫెసరమ్మ నవ్వుతూ, "ఎమ్మెస్సీ లేకపోయినా ఫర్వాలేదమ్మా, నేరుగా వచ్చెయ్యి" అంది. పక్కనే నక్కి వింటున్న అమ్మ చేతులు జోడించి దండం పెట్టేసింది. పిల్ల కళ్లు మాత్రం చిన్నవయ్యాయి.

"థాంక్యూ మేడమ్. మీ దగ్గర చేరి, మధ్యలో మానేసినవాళ్లతో ఒకసారి మాట్లాడొచ్చా?"

అమ్మ తొడపాశం పెట్టింది. ప్రొఫెసరమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఎంతమందితో మాట్లాడతావు?" అంది.