నూనె బాబాయి ఒట్టు

నూనె బాబాయికి ఒకే ఒక్క జబ్బు: ఒకరి వంటింట్లో నూనె కనిపిస్తే అడగకుండా ఉండలేడు. తిరిగివ్వడం మాత్రం ఆయనకి చేతకాని విద్య.

ఊళ్లోని చిన్న ఆసుపత్రిలో రక్తం తీసి పరీక్ష చేసేది ఆయనే. ఆ సుతారం చూస్తే దోమలు సిగ్గుపడాలి. సాయంత్రమయ్యేసరికి అదే చేతిలో గిన్నె మొలిచేది. దానికి ఎక్కువగా బలైంది దర్జీ వదిన.

"అమ్మాయ్, కాస్త నూనె."

"నిన్ననేగా పట్టుకెళ్లారు! తాగుతున్నారా బాబాయ్?"

"తలకి రాసుకున్నానమ్మా."

వదిన ఆ బట్టతల వంక చూసింది. "మొలిచిందేదీ?"

"ముందు నేల సిద్ధం కావాలిగా!"

నిజానికి ఆ నూనంతా వీధిలోని తలుపు బందులకీ సైకిల్ గొలుసులకీ పోసేవాడు. తలుపులు కిర్రుమనకపోవడంతో అత్తగార్లు ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డారో తెలియక కోడళ్లు హడలిపోయేవారు.

వదినకి నెలకి ఒక్కటే డబ్బా. నెల నిండకుండా రెండోది కొంటే పరువు పోయినట్టే. దాంతో వేపుళ్లు పోయి ఉడకబెట్టిన కూరలొచ్చాయి.

"ఈ కూర స్నానం చేసొచ్చిందా ఏమిటే?" అనేవాడు ఆమె మొగుడు, తాపీమేస్త్రి.

"మీ నూనె మావయ్యనే అడగండి!"

ఆ మాటతో గబగబా కంచం ఖాళీ చేసేసేవాడు.

ఒకరోజు డాక్టరమ్మ మొగుడూపెళ్లాలిద్దరినీ ఆసుపత్రికి పిలిపించింది. "కొలెస్ట్రాల్ బాగా దిగిందమ్మా. పోయినసారి రక్తపరీక్ష చూసి ఈయన గుండె గురించి నాకే భయమేసింది. మాత్రలకి తోడు నూనె తగ్గించి మంచి పని చేశావు."

వదిన మొగుడి వంక చూసింది. మేస్త్రి సీలింగు పగుళ్లని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"నీకు తెలిస్తే మిషను ఆపేసి ఏడుస్తూ కూర్చుంటావని... మాత్రలు పనిముట్ల సంచిలో దాచుకున్నా. చెప్పొద్దని మావయ్య చేత ఒట్టేయించుకున్నా."

వదిన విసురుగా లేచి రక్తం తీసే గదిలోకి వెళ్లింది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్!"

"ఒట్టు వేసింది నోరమ్మా. గిన్నె వెయ్యలేదు."

నవ్వాలో ఏడవాలో తేలక రెండూ చేసింది వదిన. "తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నా. నా మనిషిని నాకు మిగిల్చారు" అని దణ్ణం పెట్టింది. తర్వాత కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"నాకూ తీయండి. ఎక్కువుందని తేలితే మాత్రం ఆయనకి చెప్పకండి."

"ఏం, ఏడుస్తాడా?"

"ఏడిస్తే ఓదార్చుకుంటా బాబాయ్. వంట నేనే చేస్తానంటాడు!"