నాగమ్మ పాట కింద నా పేరు

దయ్యాలు లేవని వాదించి ఇద్దరు వియ్యంకులతో మాటలు పోగొట్టుకున్నవాణ్ణి నేను. సర్వేయరుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. అలాంటివాణ్ణి ఇది రాయాల్సి రావడమే నాకు చిరాకు.

మా చెల్లెలు నాగమ్మకు కొనకనమిట్ల దగ్గర గొర్రెలున్నాయి. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రె దగ్గరికి రానివ్వదు. అప్పుడు నాగమ్మ ఆ గొర్రె ఒళ్ళు నిమురుతూ, తాను కట్టుకున్న పాట పాడుతుంది. రెండు చరణాలు మేమంతా విన్నవే. మూడోది, పురిట్లో పోయిన తన బిడ్డ మీద కట్టింది. దొడ్డిలో ఒంటరిగా ఉన్నప్పుడు తప్ప పాడదు. నేనూ ఎప్పుడూ వినలేదు.

పోయిన ఏడు ఆ పాట ఫోన్లలో మోగడం మొదలైంది. ఎవరో హైదరాబాదు అమ్మాయి పాడింది. డీజే దరువుతో మూడు చరణాలూ! పెళ్ళి ఊరేగింపుల్లో దానికి గంతులు.

"నా బిడ్డ మీద చిందులేంది అన్నా! కట్టింది నేనని పేరన్నా ఏయించు" అంది నాగమ్మ.

ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే, రుజువు చూపిస్తే పేరు వేస్తానంది. పాట తనకు గిద్దలూరు ఆర్కెస్ట్రా గాయకుడు ఇచ్చాడట. గిద్దలూరు పోయాను. తాను ముందే పాడి నెట్‌లో పెడితే విన్న దిక్కు లేదని అతని ఏడుపు. అతనికి నేర్పింది పొదిలి కోలాటం గురువట. ఎండలో బస్సులు మారి పొదిలి చేరాను.

గురువు నవ్వాడు. "ఏంది మామా, కొత్తోడి మాదిరి అడగతావు? నువ్వే గదా ఇచ్చిపోయినావు!"

"నీ మొహం చూడటం ఇదే మొదలయ్యా!"

పాట ఇచ్చినవాళ్ళు దాన్ని సొంత చేత్తో ఆయన పుస్తకంలో రాసి, సంతకం, తేదీ పెట్టాలి. అది ఆయన గురువు నాటి నుంచి వస్తున్న పద్ధతి. పుస్తకం తెచ్చాడు. మూడు చరణాలు. నా అక్షరాలు. చరణం నెంబరు చుట్టూ నేను గీసే సున్నా. నా సంతకం.

ఇంటికొచ్చి డైరీ తీశాను. ఆ తేదీన నేను కంభంలో కంటి ఆపరేషన్ అయి, కట్టుతో పడుకుని ఉన్నాను. ఆ రోజు డైరీ నేను చెబుతుంటే నా భార్య రాసింది. అన్నం తినిపించింది నాగమ్మ.

ఈలోగా గురువు, సాయం చేస్తున్నాననుకుని, ఆ పేజీ ఫోటో హైదరాబాదు పంపేశాడు. ఇప్పుడు పాట కింద నా పేరుంది. తీసెయ్యమని ఎంత మొత్తుకున్నా "మీ చేతిరాతే కదా అంకుల్, ఇంకేం రుజువు కావాలి?" అంటుంది ఆ అమ్మాయి.

నాగమ్మకు అంతా చెప్పాను.

"ఆ పొద్దు నువ్వు మంచం దిగలేదు. దానికి నేనే సాక్షి" అంది. మళ్ళీ తనే, "మూడోది నీకెట్ల తెలిసె అన్నా?" అంది.

అది ఈ రోజుకీ నాకు తెలియదు. ఇప్పుడు నేను దొడ్డి వైపు వస్తున్నట్టు కనిపిస్తే, నాగమ్మ మేమంతా విన్న చరణాలు కూడా మధ్యలోనే ఆపేస్తుంది.