కేశవులు శెట్టి ఎండ వైద్యం

కేశవులు శెట్టికి ఎండ పిచ్చి. కోయిలకుంట్లలో ఎండకు పిచ్చెక్కినవాళ్లు చాలామందే ఉంటారు, అది వేరే సంగతి. ఈయనకు ఎండంటేనే పిచ్చి. ఊరు ఊరంతా నీడ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటుంటే, కిరాణా కొట్టు నడుపుకునే ఈ పెద్దమనిషి ఒక్కడూ ఎండ ఎక్కడుందా అని కుర్చీ చేత్తో పట్టుకుని తిరిగేవాడు. ఏ రోగానికైనా, ఏ వస్తువుకైనా, ఏ మనిషికైనా ఆయన దగ్గర ఒకటే మందు: "కొంచేపు ఎండన పెట్టప్పా, సరిపోతాది."

నాది రాజంపేట. రెండువేల రెండులో కోయిలకుంట్ల పశువుల ఆసుపత్రికి కాంపౌండరుగా బదిలీ మీద వచ్చాను. ఆసుపత్రికీ శెట్టి ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. వచ్చిన రోజే జలుబు చేసి తుమ్ముతుంటే గోడ మీదుగా ఒక బట్టతల పైకి లేచింది.

"ఏం డాక్టరప్పా, కొత్తగా వచ్చినావా? ముక్కు కారుతాండాదే. ఎండన కూర్సో."

"నేను డాక్టర్ని కాదండీ, కాంపౌండర్ని. పైగా ఇది మే నెల."

"అందుకే జెప్తాండా. ఇంత మంచి ఎండ మళ్లా దొరకదు."

కొట్టులో గోడగడియారం ఆగిపోతే తీసుకెళ్లి ఎండలో పెట్టాడు. అది నడిచింది. నడవడమే కాదు, ఆనాటి నుంచి రోజుకు పావుగంట ముందుకు పరిగెత్తింది. "ఎంత హుషారుగా ఉండాదో సూడు" అని శెట్టి మురిసిపోయాడు. పెళ్లయిన ఏడాది అల్లుడు ప్రదీప్‌కుమార్ దీపావళికి వస్తే, మనిషి మెత్తగా, మాట మెల్లగా ఉండటం చూసి మామగారికి దిగులు పట్టుకుంది. "పిల్లోడు శానా చెమ్మ మీదుండాడు" అని పొద్దున్నే మిద్దె మీద పీట వేయించి కూర్చోబెట్టాడు. ప్రదీప్‌కుమార్ మర్యాదస్తుడు కాబట్టి పదకొండింటి దాకా కూర్చున్నాడు. ఆ తరువాత మూడు పండుగలకు అటువైపు రాలేదు.

ఇక కొట్టు ముందర రోజూ ఒక కందిపప్పు మూట, శెట్టి మాటలో కందిబ్యాళ్ల మూట, ఎండాల్సిందే. పొద్దున్నే గోనెపట్టాల మీద పప్పు పరవడం, పిచ్చుకలను, మేకలను తోలడం, చాటతో చెరగడం, పొద్దుగూకే ముందు మళ్లీ మూటకెత్తడం గిడ్డమ్మ పని. అరవై దాటిన మనిషి. వెనకాముందు ఎవరూ లేరు. చేతిలో కట్టె, నోట్లో ఆకువక్క, ఎవరికీ తలవంచని మాట. సాయంత్రం శెట్టి ఇచ్చే కూలి కొంగున ముడేసుకుని వెళ్లిపోయేది. అన్ని కొట్లలోనూ పప్పు ఎండబెడతారు, కాని వానాకాలమూ చలికాలమూ లేకుండా ఏడాది పొడుగునా ఎండబెట్టేది ఈయనొక్కడే. "నా అంగట్లో ఒక్క పురుగు సూపించు, అంగడి నీ పేరున రాస్తా" అని సవాలు కూడా విసిరేవాడు. ఆ సవాలే ఒకనాడు ఆయన మెడకు చుట్టుకుంది.

రెండువేల నాలుగు ఆగస్టులో పెరట్లో గచ్చు వేయించడానికి ఇసుక కుప్ప పోయించాడు. కుప్ప చాలా రోజులు అట్లాగే పడి ఉంది. తీరా పని మొదలుపెట్టి పార దింపితే లోపల తెల్లగా పదకొండు గుడ్లు బయటపడ్డాయి. తొండ గుడ్లు. నన్ను పిలిచాడు.

"అదిగో సూడు, వాళ్లమ్మ." గోడ మీద ఒక తొండ కూర్చుని తల కిందికీ పైకీ ఆడిస్తోంది. "తల ఊపుతాండాది సూసినావా? సరే శెట్టీ, నీకే అప్పజెప్తాండా అంటాండాది."

"తొండలన్నీ అట్లాగే ఊపుతాయండీ."

"నీకు అప్పజెప్పింటే తెలుస్తాది. నేనూ ఊపినా." అప్పగింత పుచ్చుకున్నాక వెనక్కి తగ్గే మనిషి కాదు. గుడ్లను ఇసుకతో సహా రేకు తట్టలో సర్ది, పక్కనే గిడ్డమ్మ చూస్తుండగా, తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాడు.

వద్దంటూనే ఉన్నాను, వింటేగా. మూడు రోజుల్లో ఐదు గుడ్లు వడలిపోయి ముడుచుకున్నాయి. అప్పుడు భయపడి తట్టను వసారాలోకి మార్చాడు. వారం తిరిగేసరికి మిగిలిన ఆరింటిలోంచి అగ్గిపుల్లంతేసి పిల్లలు బయటికొచ్చాయి. వచ్చాయన్న మాటే గాని ఒక్కదానిలోనూ జీవకళ లేదు. కళ్లు మూతలు పడి, చర్మం ముడతలు తేలి, కాళ్లు ఈడుస్తూ ఉన్నాయి. కుబుసం సరిగా వదలక వేళ్ల చుట్టూ దారం బిగించినట్టు పట్టుకుంది. అన్నిటికంటే చిన్నది పడుకున్న చోటు నుంచి కదల్లేదు. మెత్తగా ఉందని శెట్టి దానికి 'అల్లుడు' అని పేరు పెట్టాడు.

ఆ రోజు మొట్టమొదటిసారి కేశవులు శెట్టి నోట ఎండ మాట రాలేదు. తట్ట ముందర గొంతుకూర్చుని ఉన్నాడు. "ఐదింటిని నేనే సంపినా డాక్టరప్పా. నమ్మి ఇచ్చింది గదా. ఈ ఆరు గూడ పోతే ఆ గోడ తట్టు ఎట్ల సూడాల?" అన్నాడు. అంతవరకు ఆయన్ని చూసి నవ్వుకుంటున్న నాకు నిజంగా బాధ కలిగింది.

నేను గేదెలకు సూది వేసే మనిషిని. తొండపిల్లకు ఏం చెయ్యాలో ఎవరు నేర్పారు? ఎస్టీడీ బూతుకు వెళ్లి, తిరుపతిలో పశువైద్యం చదివిన స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడు పడీపడీ నవ్వి, తరువాత బుద్ధిగా చెప్పాడు: ఉదయపు ఎండ మాత్రమే తగలాలి, అదీ తట్టలో సగం వరకే, తక్కిన సగం నీడ. మూతి మీద నీటిచుక్క. వేళ్లకు తడి దూది. తినడానికి కదిలే పురుగులు, మెత్తనివి, చిన్నవి.

శెట్టి అన్నీ విన్నాడు. "ఎండకు గూడ నీడ కావల్లనా?" అని ఆశ్చర్యపోయి, తన గొడుగే తెచ్చి తట్టకు సగం మీద పట్టాడు. దూదివత్తితో నీళ్లు ఆయన భార్య ప్రమీలమ్మ పట్టింది. రెండు రోజుల్లో పిల్లలు కళ్లు తెరిచాయి. కాని తిండి దగ్గరే తిరకాసు వచ్చింది. తరతరాలుగా చీమ ఎదురైనా తొక్కకుండా పక్కకు జరిగే ఇల్లది. శెట్టి నాకు చెప్పకుండా నానబెట్టిన పెసరపప్పు, బెల్లం ముక్క, అరటిపండు గుజ్జు పెట్టి చూశాడు.

"మా ఇంట్లో పుట్టినాయి గదా, మా తిండే తింటాయనుకుంటి."

"శెట్టిగారూ, వాటికి పురుగులు కావాలి. మీ కొట్టులో ఒక్కటీ లేదని మీరే సవాలు చేస్తారు. ఆనందం కొట్టుకు వెళ్లండి."

ఆనందం ఎదురు వీధిలో కొట్టు పెట్టుకున్నవాడు. పదేళ్లుగా ఇద్దరికీ పడదు. శెట్టి నలుగురు బేరగాళ్లు ఉండగా వెళ్లి, "ఆనందమప్పా, పురుగు పట్టిన బ్యాళ్లు ఉంటే ఒక శేరు ఇయ్యి" అని అడిగాడు.

"నా అంగట్లో పురుగులా! అంగడి కాడికొచ్చి అవమానం జేస్తాండావా?"

"అవమానం గాదప్పా, అవసరం. అదిగో, నీ త్రాసు మీద ఒకటి పోతాండాది. పోనీ దాన్నే ఇయ్యి."

ఆనందం త్రాసు పళ్లెం పట్టుకుని వెంటపడ్డాడు. అయినా శెట్టి మూడు పురుగులను అరచేతిలో దాచి తెచ్చాడు. గట్టి పెంకు పురుగులు. పిల్లలు నోట కరిచి కక్కేశాయి. అల్లుడు కరవను కూడా లేదు. మర్నాటికి మళ్లీ కళ్లు మూతపడ్డాయి.

నాకు ఒళ్లు మండింది. "శెట్టిగారూ, మీరు రోజూ ఎండబెట్టే ఆ మూటను వారం రోజులు చెమ్మలో పడెయ్యండి. మెత్తని పురుగులు అవే పుడతాయి. ఈలోగా ఎట్లాగో నెట్టుకొద్దాం."

"ఆ మూట ఎండబెట్టేది ఆపేదానికి ల్యాదు."

"ఆరు ప్రాణాలండీ!"

"ల్యాదంటే ల్యాదప్పా" అని గొడుగు నా చేతిలో పెట్టి కొట్టులోకి వెళ్లిపోయాడు. ఇంత మూర్ఖుణ్ణి ఎక్కడా చూడలేదని నేను పైకే అన్నాను. దూదివత్తి పట్టుకున్న ప్రమీలమ్మ గొంతు తగ్గించింది.

"ఆ మూట అమ్మేది గాదు నాయనా. నాలుగేండ్ల నుంచి అదొకటే మూట ఎండుతాండాది."

నాకు అర్థం కాలేదు.

"కరువు పెద్దగొచ్చిన యాడాది గిడ్డమ్మ మొగుడు పోయినాడు. ఇంట్లో గింజ ల్యాదని తెలిసి ఈయప్ప రెండు శేర్ల బ్యాళ్లు ఇయ్యబోయె. ఆయమ్మ ఆడనే పెట్టేసి, పనుంటే జెప్పు శెట్టీ, ఊరికే ఇచ్చేది నాకొద్దు అని పాయె. అంగట్లో ఏం పనుంటాది? మర్నాడు ఈయప్ప, బ్యాళ్లకు ఎండ గావల్ల, మనిషి గావల్ల అని కబురు పంపె."

"మరి ఆ గడియారం? ఆ అల్లుడు?"

"బ్యాళ్లొకటే ఎండన పెడితే ఆయమ్మకు అనుమానమొస్తాదని అన్నీ పెట్టబట్టె. అంతకు ముందు గొడుగు ల్యాకుండా గడప దాటినోడు గాదు నాయనా! అబద్ధమాడీ ఆడీ ఇప్పుడు తనే నమ్మేసినాడు. గుడ్లు ఎండన పెట్టింది గూడ, ఆ పొద్దు గిడ్డమ్మ సూస్తాండాదనే."

నేను గొడుగును తట్టలో సగం మీదికి సరిగా వంచి పట్టాను. మూర్ఖుడన్న మాట ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం గిడ్డమ్మ నీళ్ల కోసం పెరట్లోకి వచ్చి తట్టలోకి తొంగి చూసింది. బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంత మంది పెద్దోళ్లుండారు, ఇదేం అవస్థ? కోడిపిల్లలకు పెట్టేది పెడితే సరిపోదా?"

"ఏం పెడతావు?" అన్నాను.

"సెదలు సామీ. మెత్తగుంటాయి."

చిల్లు కుండ ఒకటి తెమ్మంది. దానిలో ఎండు పేడ, జొన్నచొప్ప కుక్కి నీళ్లు చల్లింది. కంచె పక్కన చెదలపుట్ట ఉన్న చోట బోర్లించడానికి బయల్దేరింది. కొట్టులోంచి శెట్టి పరిగెత్తుకొచ్చాడు. కిరాణా కొట్టువాడికి చెదలంటే ఎలుకలకంటే, దొంగలకంటే భయం.

"గిడ్డమ్మా! నా అంగడి ఎనకాల సెదలు పెంచుతాండావా? మూటలన్నీ తినేస్తాయి!"

"తింటే ఎండన పెడితే సరిపాయె. దినామూ నువ్వే గదా జెప్తావు."

నాలుగేళ్లలో ఆయన మందు ఆయనకే ఎవరూ పట్టించలేదు.

మర్నాడు పొద్దున్నే కుండ తిరగేస్తే లోపల చొప్పంతా తెల్లగా కదులుతోంది. గిడ్డమ్మ చిన్న పుల్లతో పదిపదిహేను చెదలను తట్టలో రాల్చింది. చీమను తొక్కని ఇల్లు కదా, ప్రమీలమ్మ మొహం తిప్పుకుంది. శెట్టి చేతులు జోడించి, కళ్లు మూసుకుని, "ఏమైంది? తింటాండాయా?" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు.

ఒక పిల్ల తల పక్కకు తిప్పి చూసింది. టక్కున అందుకుంది. తరువాత రెండోది. ఐదూ తిన్నాయి. అల్లుడు కదల్లేదు. గిడ్డమ్మ పుల్ల చివర ఒక చెదపురుగును పెట్టి దాని మూతి ముందర ఆడించింది. అల్లుడు ఒక కన్ను తెరిచాడు. రెండో కన్ను తెరిచాడు. నోరు తెరిచాడు.

"తిన్యాడు! అల్లుడు తిన్యాడు!" శెట్టి కళ్లు తెరిచి ఎగిరి గంతేశాడు. "గిడ్డమ్మా, అల్లునికి ఇంకో రెండు సెదలు ఎయ్యి!"

సరిగ్గా అప్పుడే వాకిట్లో సంచీ చప్పుడైంది. ప్రదీప్‌కుమార్, మూడు పండుగల తరువాత, వచ్చి నిలబడి ఉన్నాడు. విషయం విడమర్చి చెప్పి ఇంట్లోకి తీసుకొచ్చేసరికి ప్రమీలమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇరవై రోజులకు ఆరూ గట్టిపడ్డాయి. వేళ్ల మీది కుబుసం ఊడిపోయింది. ఒకరోజు ఉదయం కంచె మీద వదిలేస్తే ఒక్కొక్కటే ముళ్లకంపలోకి పాకి వెళ్లిపోయాయి. అల్లుడు మాత్రం కాసేపు ఆగి తల ఊపాడు. శెట్టి కూడా ఊపాడు. "అప్పగింత తీరిపాయె" అని గట్టిగా ఊపిరి వదిలాడు. నాకూ గుండెల మీది బరువు దిగినట్టు హాయిగా అనిపించింది.

ఆ వారమే గిడ్డమ్మ తన కోడికి మందు కోసం ఆసుపత్రికి వచ్చింది. నాకు నోరు ఊరుకోదు. "శెట్టిగారి పప్పు బాగా ఎండుతోందా?" అని అడిగాను.

"ఏం ఎండుతాది సామీ? నాలుగేండ్ల నుంచి అదే మూటాయె. గోతం మూల సినిగితే ఎర్రదారంతో కుట్టింది నేనే గదా."

నాకు మతి పోయింది. "తెలిసీ చెప్పలేదా?"

"ఎట్ల జెప్పేది? పాపం, మంచోడే గాని ఆయప్పకు ఎండ పిచ్చి. అల్లుణ్ణే ఎండబెట్టినోడు. నేను గూడ మానుకుంటే ఆయప్పను ఎవురు కనిపెట్టుకుంటారు? నువ్వు ఆయప్పతో అనొద్దు సామీ, మనసు కష్టపెట్టుకుంటాడు" అని కోడిని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కొట్టు ముందర నుంచి వెళుతుంటే గోనెపట్టాల మీద అదే పప్పు, ఎర్రదారం కుట్టిన అదే గోతం. గిడ్డమ్మ కట్టెతో పిచ్చుకలను తోలుతోంది. శెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం డాక్టరప్పా, మొగం వాడిపోయిండాది. కొంచేపు ఎండన కూర్సో."

శెట్టి వెనకనుంచి గిడ్డమ్మ నాకు కన్ను గీటింది. నోరు మూసుకుని, కుర్చీ లాక్కుని, వెళ్లి ఎండలో కూర్చున్నాను.